దేశానికి గీత గీస్తే ఇంటికి ఏమవుతుంది? అమితావ్ ఘోష్ నవలల్లో చరిత్ర, కుటుంబం, ధర్మసంకటం

కోల్‌కతా: శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాలో భద్రపరచిన పవిత్ర కేశం 1963 డిసెంబరు 27న కనిపించకుండా పోయింది. కొద్ది రోజులకే అది తిరిగి లభించింది. కశ్మీర్‌లో అన్ని మతాలవారూ కలిసి దుఃఖించారు. కానీ అక్కడికి ఎంతో దూరంలో, నాటి తూర్పు పాకిస్థాన్‌లోని ఖుల్నాలో అల్లర్లు చెలరేగాయి. 1964 జనవరిలో అవి కోల్‌కతాకు, ఢాకాకు కూడా పాకాయి.

కోల్‌కతాలో 1956 జులై 11న జన్మించిన ఆంగ్ల నవలాకారుడు అమితావ్ ఘోష్ ఈ ఘటనల చుట్టూనే 1988లో 'ది షాడో లైన్స్' నవల రాశారు. 1984లో ఢిల్లీలో సిక్కులపై జరిగిన హింసను చూశాక తన బాల్యం నాటి అల్లర్లు తిరిగి గుర్తుకు వచ్చాయని ఆయన తర్వాత ఒక వ్యాసంలో వివరించారు. ఈ నవలకు 1989లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2018 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారాన్ని అందుకున్న ఘోష్, ఆ గౌరవం పొందిన తొలి ఆంగ్ల రచయితగా నిలిచారు.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

నవలలో కథకుడి నాయనమ్మ ఢాకాలో పుట్టి, కోల్‌కతాలో బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసిన స్త్రీ. దేశం విడిపోవడానికి చాలా ముందే ఆమె పుట్టిల్లు రెండు ముక్కలైంది. అన్నదమ్ములు గొడవపడి ఇంటి మధ్యలో గోడ కట్టుకున్నారు. ఏళ్ల తర్వాత ఢాకాకు విమానంలో బయలుదేరే ముందు, పైనుంచి సరిహద్దు కనిపిస్తుందా అని ఆమె అడుగుతుంది. కందకమో, కంచో లేకపోతే ఇంత రక్తపాతం ఎందుకు జరిగినట్టు అన్నది ఆమె సందేహం. నవల మొత్తానికి ఆ ప్రశ్నే ఆయువుపట్టు.

ఢాకాలో మిగిలిపోయిన వృద్ధుడైన పెదనాన్నను వెంట తెచ్చుకోవాలన్నది ఆమె సంకల్పం. ఆయన రానంటాడు. ఆయన బాగోగులు చూస్తున్నది ఖలీల్ అనే ముస్లిం రిక్షా కార్మికుడు. చివరకు ఖలీల్ రిక్షాలో పెదనాన్న, ముందు కారులో మిగిలిన వారు బయలుదేరుతారు. దారిలో అల్లరిమూక చుట్టుముడుతుంది. కారును పోనిచ్చి లోపలున్న వారిని కాపాడుకోవాలా, దిగి వెనుకనున్న ఇద్దరి కోసం వెళ్లాలా? నాయనమ్మ వెళ్లిపోదామంటుంది. ఆంగ్ల యువతి మే కారు దిగుతుంది. ఆమె కోసం నాయనమ్మ చెల్లెలి కొడుకు త్రిదీబ్ కూడా దిగుతాడు. త్రిదీబ్, ఖలీల్, పెదనాన్న ముగ్గురూ హతమవుతారు. తన చర్యే ఆ మరణాలకు కారణమా అన్న ప్రశ్న మేను ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఎవరిది తప్పో రచయిత తేల్చి చెప్పరు. ఆ భారాన్ని పాఠకుడికే వదిలేస్తారు.

రంగూన్ నుంచి సుందరవనాల దాకా

2000లో వెలువడిన 'ది గ్లాస్ ప్యాలెస్' 1885లో బర్మా రాజు తీబా పదవీచ్యుతితో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం మీదుగా సాగుతుంది. అందులో అర్జున్ బ్రిటిష్ సైన్యంలో భారతీయ అధికారి. తన తుపాకీ ఎవరి కోసమన్న ప్రశ్న అతడిని ఆజాద్ హింద్ ఫౌజ్ వైపు నడిపిస్తుంది. తెలుగువారికి ఈ నేపథ్యం పరాయిది కాదు. కోరంగి తీరం నుంచి ఓడలెక్కి రంగూన్ చేరిన తెలుగు కూలీలను బర్మాలో 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1930 మేలో రంగూన్ రేవులో చెలరేగిన దాడులకు వారే ఎక్కువగా బలయ్యారు. 1942లో జపాన్ సేనల రాకతో లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయలుదేరారు.

2004 నాటి 'ది హంగ్రీ టైడ్' సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవి ఉదంతాన్ని స్పృశిస్తుంది. దండకారణ్య శిబిరాల నుంచి తరలివచ్చి అక్కడ స్థిరపడిన తూర్పు బెంగాల్ శరణార్థులను 1979లో ప్రభుత్వం బలవంతంగా ఖాళీ చేయించింది. అది రక్షిత అటవీ ప్రాంతమన్నది అధికారుల వాదన. మృతుల సంఖ్యపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. అడవి, పులి బతకాలన్నది న్యాయమే. నిలువ నీడలేని మనిషికి గుప్పెడు నేల కావాలన్నదీ న్యాయమే. ఈ రెండు న్యాయాలు ఢీకొన్నప్పుడు మూల్యం చెల్లించేది ఎవరన్నదే నవల వేసే ప్రశ్న.

ఎందుకు చదవాలి?

తేదీలు, ఒప్పందాలు, మృతుల లెక్కలు చరిత్ర గ్రంథాల్లో దొరుకుతాయి. కారులో కూర్చున్న మనిషి ఆ ఒక్క క్షణంలో ఏం ఆలోచించాడన్నది అక్కడ దొరకదు. 'షాడో లైన్స్' కథకుడు తన బాల్యపు భయానికి ఆధారం వెతుకుతూ, పదిహేనేళ్ల తర్వాత ఢిల్లీలోని ఒక గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తాడు. తన ఇంటి విషాదానికీ శ్రీనగర్ ఘటనకూ ఉన్న సంబంధం అప్పుడు గాని అతడికి తెలియదు. దూరాన రాజుకున్న నిప్పు మన గడప వరకు రాదనుకునే పాఠకుడికి ఆ దృశ్యం ఒక హెచ్చరిక.