గురక యాప్ చెప్పని నంబర్

‘గ్యాంగ్ లీడర్’ పాటలిచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఒకటి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోవడం.

మొన్న మన ఆటోనగర్‌లో ఒక లారీ డ్రైవరన్న ఫోన్‌లో గురక యాప్ చూపించి, "స్కోరు బానే ఉందిగా తమ్ముడూ" అన్నాడు. బండెక్కి గుంటూరు దాటేలోపే కళ్ళు మూతలు పడిపోతున్నాయంట! యాప్ వినేది సౌండే కదా. ఇక్కడ భయపడాల్సింది ఆ సౌండ్ మధ్యలో ఆగిపోయినప్పుడు.

అసలు టెస్ట్ పేరు పాలీసోమ్నోగ్రఫీ. ఒక రాత్రి ల్యాబ్‌లో పడుకోబెట్టి తలకి వైర్లు, ముక్కు దగ్గర సెన్సర్, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి ఆక్సీమీటర్ పెడతారు. పొట్ట కదులుతోంది, ముక్కులో మాత్రం గాలి ఆడట్లేదంటే దారి బ్లాక్ అయినట్టు. పొట్ట కూడా కదలట్లేదంటే మెదడే సిగ్నల్ పంపట్లేదు, అది వేరే రకం. (ఒకటి కేబుల్ కట్, ఇంకోటి సర్వర్ డౌన్. ఏం చేస్తాం, బీటెక్ బుర్ర!) ఊపిరి 10 సెకన్లు ఆగినా, బాగా తగ్గి ఆక్సిజన్ పడిపోయినా ఒక ఈవెంట్. గంటకి సగటున ఎన్ని అన్నదే ఏహెచ్‌ఐ. పెద్దవాళ్ళకి 5 లోపు నార్మల్, 30కి చేరితే తీవ్రం.

ఇంట్లో చేసుకునే కిట్ కూడా ఉంది. దాంట్లో మామూలుగా తల వైర్లుండవు, ఎంతసేపు నిజంగా నిద్రపోయారో దానికి తెలీదు. అందుకే ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది.

అన్నకి ఒకటే చెప్పా: డాక్టర్ దగ్గరికి వదిననీ తీసుకెళ్ళు. రాత్రి నీ ఊపిరి ఆగడం చూస్తున్నది ఆవిడే.