పందెము – చట్టము

పందెమును చట్టము సమ్మతించినచో నెవరికి లాభమో విచారింతము. బ్రిటనులో 1906వ సంవత్సరపు శాసనము వీథిపందెములను నిషేధింపఁగా, బుక్కీల మనుష్యులు చాటుగా సొమ్ము వసూలు చేయుచుండిరి. 1960లో శాసనము మాఱెను. 1961 మే 1వ తేది నుండి లైసెన్సుగల పందెపుటంగళ్లు వెలసెను. బుక్కీకి పోలీసు భయము తీఱెను. కాని క్రమముగా పెద్ద కంపెనీలు బలియఁగా, స్వతంత్రులైన చిన్న బుక్కీల యంగళ్లు పెక్కులు వానిలో లీనమయ్యెను.

పందెము కట్టువాని మాటయేమి? గెలిచిన సొమ్మునకై న్యాయస్థానమున దావా వేయు హక్కు 2007లోఁ గాని యతనికి రాలేదు. ఇఁక లాభమో? నేను బడిలోఁ జెప్పిన కూడికలతోనే చూతము. సమబలముగల రెండు పక్షములపై ఇరువురు చెఱి 11 పౌనులు కట్టిరనుకొనుఁడు. గెలిచినవానికి 21 ముట్టును. బుక్కీకి 1 మిగులును. పలుమాఱు కట్టువాని సొమ్మిట్లు తఱుగుచునే యుండును. చట్టము అంగడి తలుపు తెఱచినది గాని యీ లెక్కను మార్పలేదు.