ఊపిరితిత్తులు తమ్ము తామే బాగుచేసికొనునా?

వేటపాలెములో మగ్గముమీద పడుగుపోగు తెగినచో నేతగాడు బట్టనంతను పారవేయడు. తెగిన పోగును అతికి నేత సాగించును. మన ఊపిరితిత్తులలో కూడ ఇట్టి మరమ్మతు జరుగుచుండును.

ఊపిరితిత్తులలో సుమారు 30 నుండి 50 కోట్ల వాయుకోశములు కలవు. ప్రాణవాయువు వాటి పలుచని గోడల ద్వారానే రక్తములో చేరును. ఈ గోడలలో రెండు రకముల కణములు ముఖ్యము. పలుచగా పరచుకొనిన మొదటి రకము కణములు గోడలో నూటికి 95 వంతులు కప్పియుండును. రెండవ రకము కణములు కోశములు ముడుచుకొనిపోకుండ కాపాడు ద్రవమును స్రవించును. వాటికి మరియొక పనియు కలదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రిజిడ్ హోగన్ బృందము ఎలుకలలో రెండవ రకము కణములకు రంగు గుర్తు పెట్టినది. కొంతకాలమునకు మొదటి రకము కణములలోను అదే రంగు కనిపించెను. అనగా రెండవ రకము కణములు తమవంటి వాటినేకాక మొదటి రకమును కూడ పుట్టించుచున్నవి. ఈ ఫలితము 2013లో వెలువడినది. ఇట్లు తాము తరుగక, వేరు రకము కణములను ఇయ్యగల వాటినే మూలకణములందురు. స్టెమ్ సెల్స్ అనునవి ఇవే.

మరి ఊపిరితిత్తుల వ్యాధులు ఏల కుదురవు? చుట్టపొగ, కట్టెలపొయ్యి పొగ ఏండ్ల తరబడి పీల్చినచో వాయుకోశముల గోడలే శిథిలమగును. ఈ వ్యాధి పేరు ఎంఫిసీమా. అప్పుడు తెగినది పోగు కాదు, విరిగినది మగ్గము. మరికొన్ని వ్యాధులలో గోడలు మచ్చకట్టి గట్టిపడును.

బయట పెంచిన మూలకణములను అతికిన ఫలితముండదా? కంటి విషయమున ఉన్నది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు 2001 నుండి కనుగ్రుడ్డు ముందరి పారదర్శకపు పొర అంచున నుండు మూలకణములను పెంచి, రసాయనములు పడి చెడిన కండ్లకు అతికి, అనేకులకు చూపు తెప్పించిరి. కాని అది పైకి కనబడు పలుచని పొర. ఊపిరితిత్తి గాలిగొట్టములు, రక్తనాళములు, కోట్ల గదులు అల్లుకొనిన కట్టడము. కణములను లోనికి పంపినంత మాత్రమున ఆ కట్టడము తిరిగి లేవదు. అందుచేత శాస్త్రజ్ఞులు ఆ కణములను పాత్రలలో చిన్న ముద్దలుగా పెంచి, మరమ్మతు ఎక్కడ ఆగిపోవుచున్నదో పరిశీలించుచున్నారు.

కావున "ఒక్క సూదితో ఆయాసము మాయము" అను ప్రకటనను నమ్మి పొలమమ్ముట తగదు. నిర్ధారణ కాని మూలకణ చికిత్సలు అనుమతి పొందిన ప్రయోగములలోనే జరుగవలెనని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకములలో తెలిపినది. మరమ్మతు చేయు కణములు మనలోనే కలవు. పొగ మానుట వాటికి మనము చేయగల మొదటి సాయము.