రైతు పేర వెలసిన ఒక పార్టీ

మన పల్లెలలో సేద్యము చేయువానిని రైతు అందురు, కాపు అందురు, సేద్యగాడు అందురు. ‘కృషికారుడ’ని పిలిచినవారిని నేనెరుగను. అయినను 1951లో ఆచార్య ఎన్.జి. రంగాగారు తమ నూతన పక్షమునకు ఆ సంస్కృతపు పేరునే యెన్నుకొని, కృషికార్ లోక్ పార్టీ యని నామకరణము చేసిరి. అది బ్రతికినది నాలుగేండ్లు. పాఠ్యగ్రంథములలో దానికొక పంక్తి దొరకుటయు అరుదు. కాని ఆంధ్ర రైతాంగ చరిత్రలోని పెద్ద చిక్కుముడి ఒకటి ఆ నాలుగేండ్ల కథలో దాగియున్నది.

రంగాగారిది గుంటూరు మండలములోని నిడుబ్రోలు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా నుండి, 1930లో స్వాతంత్ర్యోద్యమమున దిగిరి. 1933లో స్వగ్రామమున రైతు యువకులకొరకు ఒక విద్యాలయము నెలకొల్పిరి. నాగలి పట్టు కుర్రవానికి అర్థశాస్త్రమును, రాజకీయములను బోధింపవలెనను ఆ తలపు, ఆయన స్థాపించిన పార్టీలన్నిటికంటె మిన్నయని ఉపాధ్యాయులకు తోచిన తప్పులేదు. 1936లో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ ఏర్పడగా, స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులైరి. రంగాగారు ప్రధాన కార్యదర్శియైరి.

1938 నాటి రైతుయాత్రను ఇచట తలచుకొనక తప్పదు. ఉత్తరమున ఇచ్ఛాపురమునుండి రెండువేలకు పైబడిన రైతులు బయలుదేరి, 9 జిల్లాల మీదుగా, 130 దినములలో 1500 మైళ్లకు పైగా నడిచిరి. దారిపొడవున వందలకొలది సభలు జరిగెను. 1100కు మించిన అర్జీలను సేకరించి, మార్చి 27వ తేదీన మదరాసు శాసనసభకు సమర్పించిరి. ఆ దినములలో ‘రైతు’ అను మాటకు హద్దులు వెదుకవలసిన అగత్యము అంతగా లేకుండెను. కూలి సంఘములు అప్పటికే మొలకెత్తుచున్నను, అందరి చూపులకును ఎదుట జమీందారు నిలిచియుండెను.

1948 చట్టముతో ఆ జమీందారీకి చెల్లుచీటి వ్రాయబడెను. ఎదిరి తొలగగానే ఇంతకాలము అణగియున్న ప్రశ్న తలయెత్తెను. రైతనగా ఎవడు? పదియెకరముల పట్టాదారా, వాని పొలమున నాట్లు వేయు కూలియా? కమ్యూనిస్టులు కూలిపక్షమును, పేదరైతు పక్షమును వహించిరి. తన పొలమును తానే సాగుచేసికొను కుటుంబమే గ్రామమునకు వెన్నెముకయనియు, వర్గపోరాటము పల్లెను చీల్చుననియు రంగాగారి వాదము. అందు నిజము లేకపోలేదు. కాని కూలిమడి గట్టున నిలిచి చూచినవానికి ఆ చీలిక ముందునుండియు ఉన్నదే.

పార్టీ పుట్టుక మాత్రము సిద్ధాంతమువలననే కాదు. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో రంగాగారు ఓడిరి. ప్రకాశం పంతులుగారితోపాటు కాంగ్రెసును వీడి, పిదప వారితోను పొసగక వేరుపడిరి. గౌతు లచ్చన్నగారు ఆయన పక్షమున నిలిచిరి. 1952 ఎన్నికలలో 375 స్థానముల మదరాసు శాసనసభలో పార్టీకి 15 దక్కెను. దూరపు రాజస్థానములో సైతము 7 స్థానములు లభించుట విశేషమే.

ఆ ఎన్నికలలోనే ఆంధ్ర ప్రాంతమున కమ్యూనిస్టులు కాంగ్రెసును మించిరి. ఆ బెదురు పాత వైరములను మరపించెను. 1955లో కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఐక్య కాంగ్రెసుగా నిలిచి, 196 స్థానములలో 146 గెలిచెను. అందు రంగాగారి పార్టీవి 22; కమ్యూనిస్టులకు మిగిలినవి 15. విజయము వెన్నంటియే పార్టీ కాంగ్రెసులో లీనమయ్యెను. ఓడి అంతరించిన పక్షములు పెక్కు గలవు. గెలిచి అంతరించినది ఇది.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యమును ఆమోదింపగా రంగాగారు మరల వెలికివచ్చిరి. ఆ యేడే రాజాజీ ప్రేరణతో పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైరి. లచ్చన్నగారును ఆ పార్టీలోనికే నడచిరి. 1967లో రంగాగారు లోకసభకు ఎన్నికైనది శ్రీకాకుళమునుండి. మునుపు రైతుయాత్ర బయలుదేరిన ఇచ్ఛాపురము ఆ జిల్లాలోనిదే.