వీధికి హక్కు, ఆడబిడ్డకు అభయం

అల్లాహ్‌కు స్తోత్రాలు అర్పించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై శాంతి శుభాలను కోరుకుంటూ, మన ఆడబిడ్డలు దారిలోను, పనిచోటను అనుభవిస్తున్న వేధింపును గురించి, ఆ విషయంలో మనపై ఉన్న బాధ్యతను గురించి ఈ జుమా నాడు తెలుసుకుందాం.

ప్రియమైన సోదర సోదరీమణులారా! ప్రతి ఉదయం అనకాపల్లి బస్సు కాంప్లెక్సు నుండి ఎందరో బాలికలు చదువులకు బయలుదేరుతారు. అచ్యుతాపురం వస్త్ర పరిశ్రమలో పనిచేసే వేలాది యువతులు చుట్టుపక్కల గ్రామాల నుండి బస్సులలో వెళ్ళి వస్తారు. వారి జీతం ఇంట్లో తమ్ముని ఫీజు అవుతుంది, తల్లికి మందులవుతుంది. రద్దీలో కావాలని తగిలే చేయి, మలుపులో నిలబడి విసిరే మాట, వద్దన్నా వెంట వచ్చే మోటారు సైకిలు, అర్ధరాత్రి తెలియని నంబరు నుండి వచ్చే సందేశం వారికి ఎదురవుతుంటాయి. వీటిని కుర్రతనమని కొట్టివేసేవారు చాలామంది ఉన్నారు. ధర్మం దృష్టిలోను, చట్టం దృష్టిలోను ఇవి అపరాధాలు.

ఇంతటి బాధను బాలిక ఇంట్లో ఎందుకు చెప్పుకోదు? చెబితే చదువు మాన్పిస్తారని, ఫోను లాక్కుంటారని, ఏదో ఒక సంబంధం చూసి పెళ్ళి చేసేస్తారని ఆమె భయం. చాలా ఇళ్ళలో అదే జరుగుతోంది. వేధించినవాడు అదే మలుపులో నిలబడి ఉంటాడు, బాలిక మాత్రం నాలుగు గోడల మధ్య ఉండిపోతుంది. అపరాధం ఒకరిది, శిక్ష మరొకరికి. ఇది న్యాయం కాదు.

ఈ విషయంలో ఇస్లాం చూపిన క్రమాన్ని గమనించండి. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 30వ ఆయతులో చూపులను అదుపులో ఉంచుకోవాలన్న ఆజ్ఞ మొదట విశ్వాసులైన పురుషులకు ఇవ్వబడింది. స్త్రీలకు సంబంధించిన ఆజ్ఞ ఆ తరువాతి ఆయతులో వచ్చింది. మన ప్రసంగాలలో రెండవదానిని తరచుగా వింటాం, మొదటిదానిని అరుదుగా వింటాం.

వీడ్కోలు హజ్ సందర్భంగా జరిగిన ఒక సంఘటనను హదీసు గ్రంథాలు ఉల్లేఖించాయి. ఖస్అమ్ తెగకు చెందిన ఒక యువతి, వృద్ధుడైన తన తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడగడానికి దైవప్రవక్త (స) వద్దకు వచ్చింది. ఆయన వెనుక వాహనంపై కూర్చున్న యువకుడు ఫజల్ బిన్ అబ్బాస్ (రజి) ఆమె వైపే చూడసాగారు. దైవప్రవక్త (స) తన చేతితో ఆ యువకుని ముఖాన్ని మరో వైపునకు త్రిప్పారు. ఆ యువతిని మందలించలేదు, వెళ్ళిపొమ్మనలేదు. చేయవచ్చునని ఆమె ప్రశ్నకు జవాబిచ్చారు. సరిదిద్దబడింది యువకుని చూపు. యువతి తాను వచ్చిన పని పూర్తి చేసుకొని వెళ్ళింది. మన ఇళ్ళకు, వీధులకు ఇదే ఆదర్శం.

దారిలో కూర్చోవడం తప్పనిసరి అయితే దారికి దాని హక్కు ఇవ్వాలని కూడా దైవప్రవక్త (స) బోధించారు. చూపు దించుకోవడం, ఎవరికీ హాని కలిగించకపోవడం, సలాముకు ప్రతిసలాము చెప్పడం, మంచిని ఆదేశించి చెడును వారించడం ఆ హక్కులని వివరించారు. దారిన పోయే ఆడబిడ్డ ఏ మతస్థురాలైనా ఈ హక్కు ఆమెకు చెందుతుంది.

సోదరులారా! 2024 జూలైలో మన జిల్లాలోని రాంబిల్లి మండలంలో తొమ్మిదవ తరగతి బాలిక ఒకరు హత్యకు గురయ్యారు. వేధిస్తున్నాడని అంతకు ముందే ఫిర్యాదు చేయగా పోక్సో చట్టం కింద అరెస్టయి, బెయిలుపై బయటకు వచ్చినవాడే ఈ ఘాతుకానికి పాల్పడ్డాడు. దీనిని చూసి ఫిర్యాదు చేయకపోవడమే మేలని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఆ కుటుంబం చేయవలసిందే చేసింది. ఫిర్యాదుతో పని ముగియదన్నది మనం గ్రహించవలసిన విషయం. నిందితుడు విడుదలైన నాటి నుండి ఆ బిడ్డను కనిపెట్టి ఉండడం బంధువుల, ఇరుగుపొరుగు వారి, పోలీసుల ఉమ్మడి బాధ్యత. అతడు మళ్ళీ బెదిరించినా, దగ్గరకు వచ్చినా వెంటనే పోలీసులకు తెలిపి, బెయిలు రద్దు చేయమని కోర్టును కోరవచ్చు.

చట్టం కల్పించిన రక్షణలను ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని తెలిపిన స్త్రీని పదే పదే వెంబడించినా, ఇంటర్నెట్‌లో ఆమెపై నిఘా పెట్టినా మొదటిసారి 3 ఏళ్ళ వరకు, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ వరకు జైలు శిక్ష ఉంటుంది. 18 ఏళ్ళు నిండని వారికి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఫిర్యాదును ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, తమ పరిధి కాదని త్రిప్పి పంపరాదు. 10 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోను 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళే అధ్యక్షురాలిగా ఉండాలి. అత్యవసరమైతే 112కు, మహిళల సహాయానికి 181కి, పిల్లల విషయంలో 1098కి ఫోను చేయవచ్చు. వచ్చిన సందేశాలను చెరిపివేయకుండా భద్రపరచాలి, అవే సాక్ష్యాలు.

తండ్రులారా! మీ కూతురు నోరు విప్పిన రోజున మొదట ఆమె మాటను పూర్తిగా వినండి. నీ చదువు ఆగదని ఆ క్షణంలోనే చెప్పండి. ఆ ఒక్క మాట ఆమెకు కొండంత అండ. తల్లులారా! ఎలాంటి దుస్తులు వేసుకున్నావు, ఎందుకు ఆలస్యమైంది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టకండి. పొరుగువారలారా! బాలిక శీలంపై వదంతులు వ్యాపింపజేయకండి. పతివ్రతలపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేని వారికి నూర్ సూరా 80 కొరడా దెబ్బలు విధించింది. యువకులారా! మీ స్నేహితుడు ఒక బాలిక వెంట పడుతుంటే నవ్వి ఊరుకోకండి. అతని ముఖాన్ని మరో వైపునకు త్రిప్పడం మీ వంతు.

అల్లాహ్ మన చూపులకు సిగ్గును, మన ఇళ్ళకు న్యాయాన్ని, మన ఆడబిడ్డలకు నిర్భయంగా నడిచే దారిని ప్రసాదించుగాక! ఆమీన్.