ఇంట్లో ఫోను నొక్కితే పొలంలో మోటారు ఎలా తిరుగుతుంది?

తాతయ్య ఇంట్లో కూర్చుని ఫోన్లో బటన్ నొక్కగానే, ఎక్కడో పొలంలో బోరు మోటారు నీళ్లు పోస్తుంది. మధ్యలో తీగ లేదు కదా, ఎలా?

కిటుకంతా మోటారు పక్కనున్న స్టార్టర్ డబ్బాలో ఉంది. అందులో ఫోన్లో ఉన్నట్టే ఓ సిమ్ కార్డు, చిన్న యాంటెన్నా ఉంటాయి. తాతయ్య ఇచ్చిన ఆదేశం ముందు ఇంటర్నెట్ ద్వారా ఓ పెద్ద కంప్యూటర్‌కు, అక్కణ్నుంచి పొలం దగ్గరి సెల్ టవర్‌కు చేరుతుంది. టవర్ దాన్ని రేడియో తరంగాలుగా గాల్లోకి వదులుతుంది. కంటికి కనిపించని ఈ తరంగాలు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెడతాయి!

మరి ఊళ్లోని మోటార్లన్నీ ఒకేసారి తిరగవేం? ఇంటినిండా పిల్లలున్నా, అమ్మ "చిన్నీ!" అంటే చిన్నీయే పలుకుతుంది కదా! అలాగే ప్రతి సిమ్‌కూ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. తన సంఖ్యకు వచ్చిన ఆదేశాన్నే డబ్బా పాటిస్తుంది. లోపలి స్విచ్ కలుస్తుంది, మోటారు తిరుగుతుంది.

డబ్బా తిరిగి కబురూ పంపుతుంది. బోరులో నీళ్లు అయిపోతే మోటారు లాక్కునే కరెంటు తగ్గుతుంది. అది పసిగట్టి, మోటారు కాలిపోకుండా ఆపేసి, ఫోనుకు సందేశం ఇస్తుంది.

ఇలా వస్తువులు ఇంటర్నెట్‌తో మాట్లాడటాన్నే 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అంటారు. దీనివల్ల అర్ధరాత్రి కరెంటు వచ్చినా, చీకట్లో పురుగూపుట్రా భయంతో పొలానికి పరుగెత్తే బాధ రైతుకు తప్పుతుంది.