ఇంజన్ చప్పుడును పెడచెవిన పెట్టవద్దు



మిరప కోతల కాలంలో గుంటూరు యార్డుకు వెళ్ళే దారులన్నీ బండ్లతో నిండిపోతాయి. టిక్కీలు వేసుకున్న లారీలు, ట్రాక్టర్ల మధ్యనే పెండ్లిండ్లకూ, ఆస్పత్రులకూ వెళ్ళే కుటుంబాల కార్లు కూడా ఉంటాయి. సెకండ్ హ్యాండులో కొని జాగ్రత్తగా నడుపుకొనే కార్లు వాటిలో తక్కువేమీ కాదు. ఎండ, దుమ్ము, గుంతలు, పరిమితికి మించిన బరువు – వీటన్నిటినీ మోసే ఇంజన్ ఏదో ఒకనాడు కొత్తగా ఒక చప్పుడు చేస్తుంది. అప్పుడు అద్దాలు ఎక్కించి పాటల సౌండు పెంచేవారు కొందరు. చిక్కటి ఆయిలు పోయించి ఊరుకునేవారు ఇంకొందరు. చప్పుడును ఆపడం వేరు, దాని కారణాన్ని తొలగించడం వేరు. ఈ తేడా తెలియకపోతే చిన్న ఖర్చుతో పోయేది ఇంజన్ మీదికి వస్తుంది. ఒక్కోసారి లోపల కూర్చున్నవారి ప్రాణాల మీదికి కూడా వస్తుంది.

ముందు మామూలు చప్పుడు తెలియాలి

పెట్రోలు ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ మండిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే డీజిల్ బండి పుట్టుకతోనే కాస్త టకటకలాడుతుంది. అది జబ్బు కాదు. అదే టకటక పెట్రోలు కారులో వినిపిస్తే మాత్రం ఆలోచించాలి. మన కారు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా పలుకుతుందో చెవికి తెలిసి ఉంటేనే మార్పు తెలుస్తుంది. రోజూ నడిపేవారి చెవి ఆ శబ్దానికి అలవాటు పడిపోతుంది. పక్క సీట్లో కూర్చున్న భార్యో, వెనుక కూర్చున్న తల్లో “ఏదో తేడాగా ఉందయ్యా” అంటే విసుక్కోకండి. చాలాసార్లు వారే ముందు పసిగడతారు.

అనుభవజ్ఞుడు అడిగే ప్రశ్నలు

మంచి మెకానిక్ వెంటనే స్పానర్ పట్టుకోడు. “ఎప్పుడొస్తందండీ సౌండు? పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, బండి కాగినాకనా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నలకు జవాబు మన దగ్గర సిద్ధంగా ఉంటే సగం పని అయినట్లే.

మొదటిది, చప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాక వస్తుందా?

రెండవది, అది ఇంజన్ వేగాన్ని అనుసరిస్తుందా, చక్రాల వేగాన్ని అనుసరిస్తుందా? బండిని ఆపి, న్యూట్రల్‌లో ఉంచి కొంచెం రేసు ఇవ్వండి. చప్పుడు కూడా పెరిగితే తప్పు ఇంజన్‌లోనో, దానితోపాటు తిరిగే భాగాల్లోనో ఉంది. బండి కదిలినప్పుడే వస్తే చక్రాల బేరింగులు, టైర్లు, వాటికి శక్తినందించే భాగాలు చూడాలి.

మూడవది, బరువు లాగేటప్పుడు ఎక్కువవుతుందా?

నాలుగవది, క్లచ్ తొక్కితే ఏమవుతుంది? తొక్కగానే మాయమైతే గేర్ బాక్సు బేరింగును, తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగును అనుమానించాలి.

ఆ తరువాత శబ్దం పుట్టే చోటు వెదకాలి. పాత మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి వింటారు. ఇనుము గుండా శబ్దం నేరుగా చెవికి చేరుతుంది. ఇది నాటు పద్ధతి అని చులకన చేయనవసరం లేదు. 1816లో పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. రెండింటిలోనూ సూత్రం ఒక్కటే.

ఏ చప్పుడు ఏం చెబుతుంది?

టిక్కు టిక్కుమని గడియారంలా సన్నగా, ఇంజన్ పైభాగం నుండి వస్తే సాధారణంగా ట్యాపెట్ శబ్దం. వాల్వుకూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య మిల్లీమీటరులో కొద్ది వంతు సందు ఉంటుంది. అది పెరిగితే దెబ్బ వినిపిస్తుంది. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది. అంటే నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక వాల్వు 400 సార్లు కొడుతుంది. అందుకే ఈ టిక్కు ఇంజన్ వేగంలో సగం లయతో వినిపిస్తుంది. కొన్ని ఇంజన్లలో ఈ సందును ఆయిలే సరిచేస్తుంది. వాటిలో చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కొద్ది క్షణాలు టిక్కుమని ఆగితే కంగారు లేదు. ఆగకపోతే ముందు ఆయిల్ మట్టం చూడాలి.

ఎండు మిరపకాయను ఊపితే లోపల గింజలు గలగలమన్నట్టు, దోర్నాల నుండి శ్రీశైలం వైపు ఘాట్ ఎక్కేటప్పుడో, పెద్ద గేరులో బరువు లాగేటప్పుడో వినిపించేది పింగింగ్. లోపల మంట సక్రమంగా వ్యాపించకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే భగ్గుమనడమే దీనికి మూలం. నాసిరకం లేదా కల్తీ పెట్రోలు, లోపల పేరుకున్న మసి, టైమింగ్ తేడా, అన్నిటికీ మించి అధిక వేడి దీనికి కారణాలు. మన ప్రాంతంలో ఈ వేడి సంగతి ముఖ్యంగా చూడాలి. ఉప్పు బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పెచ్చు కడుతుంది కదా! రేడియేటర్‌లో అవే పోస్తే అక్కడా అంతే. పైగా పత్తి దూది, పొలాల దుమ్ము ముందువైపు రేకుల సందుల్లో చిక్కుకుంటే గాలి ఆడదు. కూలెంట్ మాత్రమే వాడండి, రేకులను శుభ్రం చేయించండి.

స్టార్ట్ చేయగానే కీచుమంటే బెల్టు వదులైందో, అరిగిందో చూడాలి. గుర్రుమని ఏకధాటిగా మూలిగితే వాటర్ పంపు లేదా ఆల్టర్నేటర్ బేరింగు కావచ్చు. ఫట్ ఫట్‌మని పొగ కొట్టినట్టుంటే సైలెన్సర్ గొట్టం అతుకు దగ్గర లీకు ఉండవచ్చు. ఆ పొగలో ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కారులోకి వాసన వస్తే ఆలస్యం చేయకండి.

వెంటనే ఆపవలసిన చప్పుడు

ఇంజన్ అడుగు నుండి సుత్తితో కొట్టినట్టు ధన్ ధన్‌మని బరువైన దెబ్బ వినిపించి, రేసు ఇస్తే పెరిగితే అది కనెక్టింగ్ రాడ్ బేరింగు చప్పుడు కావచ్చు. దానితోపాటు ఆయిల్ ఎర్ర దీపం కూడా వెలిగితే “ఇంకో పది కిలోమీటర్లే కదా, చిలకలూరిపేట చేరాక చూద్దాం” అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. తొలిదశలో బేరింగులు మార్చితే సరిపోవచ్చు. మొండిగా నడిపితే క్రాంక్ షాఫ్ట్ గీరుకుపోతుంది. చివరకు రాడ్ తెగి ఇంజన్ గోడను పగలగొట్టుకొని బయటికి వస్తుంది. రాత్రివేళ జాతీయ రహదారి మధ్యలో, వెనుక లారీలు దూసుకొస్తుండగా అది జరిగితే నష్టం ఇంజన్‌తో ఆగదు.

దాచిపెట్టే వైద్యం

అరిగిన ఇంజన్‌లో మరీ చిక్కటి ఆయిలు పోస్తే చప్పుడు కొంతకాలం అణుగుతుంది, అరుగుదల మాత్రం ఆగదు. అమ్మేవారు ఈ ఉపాయం వాడవచ్చు గనుక పాత కారు కొనేటప్పుడు ఉదయాన్నే వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. మీరు రాకముందే ఇంజన్ వెచ్చబడి ఉంటే, చల్లారేదాకా ఆగి మీ ఎదుటే స్టార్ట్ చేయించండి.

శబ్దం ఆగినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదనడానికి చరిత్రలో పెద్ద సాక్ష్యమే ఉంది. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు పెట్రోలులో సీసపు మిశ్రమం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుగొన్నాడు. చప్పుడైతే ఆగింది. కానీ 1924లోనే ఆ మిశ్రమం తయారుచేసే చోట కార్మికులు విషం సోకి మరణించారు. పొగతోపాటు ఆ సీసం దశాబ్దాల పాటు పసిపిల్లల ఊపిరిలోకీ రక్తంలోకీ చేరి వారి బుద్ధి వికాసాన్ని దెబ్బతీసింది. మన దేశమంతటా కార్లకు సీసం లేని పెట్రోలు 2000లో వచ్చింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో సీసపు పెట్రోలు అమ్మకం ఆగింది. ఒక చప్పుడును అణచడానికి వెదికిన సులువైన దారికి నూరేళ్ళు మూల్యం చెల్లించవలసి వచ్చింది.

మనం చేయదగినది

బానెట్ తెరిచేటప్పుడు చీర కొంగు, చున్నీ, కండువా దూరంగా ఉంచండి. ఇంజన్ ఆపాక కూడా కరెంటు ఫ్యాను దానంతటదే తిరగవచ్చు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయవద్దు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపవద్దు. ప్రయాణానికి ముందు ఆయిల్, కూలెంట్ మట్టాలు చూసుకోండి. చప్పుడు ఎప్పుడు, ఎక్కడ, ఏ వేగంలో వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. సెల్‌ఫోనులో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. షెడ్డుకు వెళ్ళేసరికి ఆగిపోయే చప్పుళ్ళు ఎన్నో ఉంటాయి. బాగుచేశాక మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి తిరిగి రండి. “పోయిందా?” అని మాత్రమే కాదు, “ఎందుకు వచ్చింది?” అని కూడా అడగండి. దానికి సూటిగా జవాబు చెప్పగలిగినవాడే మీ బండి బాగుచేసినవాడు.